డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో బోనస్‌లు, పెనాల్టీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రగా, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. ఈ జవాబులు ప్రధానంగా దాని ఐదో ఎడిషన్‌కు సంబంధించినవి. అది 2014లో వచ్చింది. 2024లో నియమాలను సవరించి కొత్త పుస్తకాలు వేశారు. రెండింటికీ తేడా ఉన్న చోట ఏది ఏ సంవత్సరానిదో చెప్పాను. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట, పాత ఎడిషన్లు ఆడేవాళ్ల కోసం చివర్లో కొన్ని ప్రశ్నలు ఉన్నాయి. దాడి లెక్కల ఉదాహరణలకు ఎక్కువగా ఒక్క పాత్రనే వాడుకున్నాను. పేరు భైరవుడు. నాలుగో లెవెల్ ఫైటర్, అంటే యోధుడి రకం పాత్ర (విజార్డ్, రోగ్, క్లెరిక్, బార్డ్ లాంటివీ పాత్రల రకాలే), బలం 16, రెండు చేతులా పట్టి తిప్పే పెద్ద ఖడ్గం అతని ఆయుధం.

పాచిక మీద పడిన అంకెకు ఏమేం కలపాలి?

ఇరవై ముఖాల పాచిక, అంటే డీ20 మీద పడిన అంకె తీసుకోండి. ఆ పనికి పనికొచ్చే సామర్థ్యం (బలం, చురుకుదనం లాంటిది) నుంచి వచ్చే మాడిఫయర్, అంటే కలిపే లేదా తీసేసే అంకె, కలపండి. ఆ పనిలో మీ పాత్రకు ప్రొఫిషియెన్సీ, అంటే శిక్షణ, ఉంటే ఆ బోనస్ కూడా కలపండి. దాడి అయితే, మొత్తం ఎదుటివాడి ఏసీకి (అతనికి దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె) సమానమైనా, మించినా దెబ్బ తగిలినట్టే. దాడి కాకుండా వేరే పనైతే ఏసీ బదులు డీఎం, అంటే ఆట నడిపేవాడు, నిర్ణయించిన డీసీ, అంటే అందుకోవాల్సిన అంకె, ఉంటుంది. ఆ రోల్‌ను ఎబిలిటీ చెక్, లేదా చెక్ అంటారు.

భైరవుడికి బలం వల్ల +3, నాలుగో లెవెల్ ప్రొఫిషియెన్సీ వల్ల +2, మొత్తం +5. ఎదురుగా ఉన్న గోబ్లిన్ ఏసీ 15. పాచిక మీద 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. ఇరవై ముఖాల్లో పదకొండు అలాంటివి, అంటే 55 శాతం. ఈ 55తో కింద చాలాసార్లు పని పడుతుంది.

మిగతావన్నీ, అంటే దీవెన మంత్రాలు, మాయా ఖడ్గాలు, చాటు, చీకటి, అలసట, ఈ లెక్క మీద వచ్చి పడేవే. కొత్తగా ఆడేవాళ్లు తడబడేది ఇక్కడే. కూడిక రాక కాదు, ఏది కలపాలో, ఏది అప్పటికే కలిసిపోయిందో తెలియక. నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ కారణాన్ని ఇదివరకే ఎక్కడైనా లెక్కలోకి తీసుకున్నామా? తీసుకుని ఉంటే మళ్లీ తీసుకోను. కింది జవాబుల్లో సగం ఈ ప్రశ్నకే వేర్వేరు రూపాలు.

నా విజార్డ్ బలం 7. పెనాల్టీ −1 రాయాలా, −2 రాయాలా?

−2. సామర్థ్యంలోంచి 10 తీసేయండి, వచ్చినదాన్ని సగం చేయండి, కిందికి సవరించండి. 7లోంచి 10 పోతే −3, సగం −1.5, దానికి కింద ఉన్న పూర్ణసంఖ్య −2. సున్నా వైపు సవరించి −1 వేసుకునేవాళ్లు చాలామంది కనిపిస్తారు. 10కీ 11కీ సున్నా, 20కి +5. బేసి అంకె మీద అదనంగా వచ్చే మాడిఫయర్ ఏదీ లేదు: 14కూ 15కూ +2నే.

ఒకే పనికి రెండు వైపుల నుంచి ప్రొఫిషియెన్సీ ఉంటే రెండుసార్లు కలుపుకోవచ్చా?

కలుపుకోకూడదు. ఏ రోల్‌కైనా ప్రొఫిషియెన్సీ బోనస్ ఒక్కసారే. దాన్ని రెట్టింపు చేసే ఎక్స్‌పర్టీజ్ లాంటివి ఉన్నాయి, కానీ ఆ రెట్టింపు కూడా ఒక్కసారే. మీ రోగ్‌కు తాళాలు తీసే పరికరాల్లోనూ, చేతివాటం నైపుణ్యంలోనూ ప్రొఫిషియెన్సీ ఉందనుకోండి. 2014 నియమాల ప్రకారం రెండోదానికి విడిగా ఏమీ దక్కదు. 2024లో దీనికి చక్కటి పరిష్కారం చూపించారు: పరికరం, నైపుణ్యం రెండింటిలోనూ ప్రొఫిషియెన్సీ ఉంటే ఆ చెక్‌కు అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) ఇస్తారు.

+1 మాయా ఖడ్గం దొరికింది. ఒక్క అంకెకు ఇంత సంబరమా?

సంబరపడండి. డీ20 మీద ఒక ముఖం విలువ 5 శాతం కాబట్టి +1 అంటే 5 శాతం అని అందరూ చెబుతారు. అది సగం నిజం. గోబ్లిన్ మీద భైరవుడి 55 శాతం 60 అవుతుంది, ఆ తేడా ఒక సాయంత్రం ఆటలో కంటికి ఆనదు. ఏసీ 25 ఉన్న శత్రువు ఎదురైతే కథ మారుతుంది. అప్పటిదాకా 20 పడితేనే తగిలేది, 5 శాతం. +1 చేతికి వస్తే 19 కూడా చాలు, 10 శాతం. తగిలే దెబ్బలు రెట్టింపయ్యాయి. గెలవడం కష్టమైన కొద్దీ చిన్న బోనస్ విలువ పెరుగుతుంది.

ఆ రెండు కొసలూ దాటితే మాత్రం +1 వల్ల ఒరిగేది లేదు. అటాక్ రోల్‌లో పాచిక మీద 1 పడితే ఎన్ని బోనస్‌లున్నా గురి తప్పుతుంది, కాబట్టి 2తోనే తగిలే శత్రువు మీద ఇంకో +1 వృథా. 20 పడితే ఎలాగూ తగులుతుంది, కాబట్టి ఏసీ 30 ఉన్నవాడి మీద భైరవుడికి +1 ఉన్నా లేకున్నా ఒకటే. అయితే మాయా ఖడ్గం +1 డ్యామేజీకి కూడా కలుస్తుంది. ఇది మరిచిపోయేవాళ్లు ప్రతి బల్ల దగ్గరా ఒకరుంటారు.

ఐదో ఎడిషన్‌లో అంకెలను కావాలనే చిన్నవిగా ఉంచారు. ప్రొఫిషియెన్సీ ఒకటో లెవెల్లో +2తో మొదలై పదిహేడో లెవెల్‌కు +6 అవుతుంది, అక్కడితో సరి. మాయా ఆయుధాలు మామూలుగా +3 దాటవు. అంటే +3 ఖడ్గం చేతికి ఇవ్వడం, గురి విషయంలో, ఒకటో లెవెల్ నుంచి పదమూడో లెవెల్ దాకా పెరిగే ప్రొఫిషియెన్సీ అంతా ఒక్కసారిగా ఇచ్చేయడమే. డీఎంలు ఈ ఒక్క లెక్క చూసుకుని నిధుల పెట్టెలు నింపుకుంటే మంచిది.

అడ్వాంటేజ్ +5తో సమానమని కొందరు, +3 అని కొందరు అంటారు. ఏది సరి?

రెండూ ఒక్కోచోట సరే. అడ్వాంటేజ్ ఉంటే రెండు డీ20లు వేసి పెద్ద అంకె తీసుకుంటాం. డిసడ్వాంటేజ్ ఉంటే చిన్నది. దీనిలో కలిపేది, తీసేది ఏమీ లేదు. పాచిక సగటు 10.5 నుంచి 13.825కు పెరుగుతుంది, అక్కడి నుంచే ఆ +3 వచ్చింది. 11 పడాల్సిన చోట 50 శాతం 75 అవుతుంది, ఇది సరిగ్గా +5. 20 పడితే తప్ప లాభం లేదన్న చోట 5 శాతం 9.75 అవుతుంది, ఇది +1కి కూడా తూగదు. గెలుపోటములు సమంగా ఉన్నప్పుడే అడ్వాంటేజ్ బలం.

భైరవుడి 55 శాతం అడ్వాంటేజ్‌తో 79.75కు ఎక్కుతుంది, డిసడ్వాంటేజ్‌తో 30.25కు పడిపోతుంది. ఇప్పుడు క్లెరిక్ వేసే బ్లెస్ మంత్రాన్ని పక్కన పెట్టి చూడండి. బ్లెస్ ఉంటే అటాక్ రోల్‌కు, సేవింగ్ త్రోకు (ఆపద నుంచి తప్పించుకోవడానికి వేసే రోల్) ఒక డీ4 (నాలుగు ముఖాల పాచిక) అదనంగా కలుస్తుంది. గోబ్లిన్ మీద అది 67.5 శాతం, అడ్వాంటేజ్ కంటే తక్కువే. ఏసీ 25 శత్రువు మీద మాత్రం అడ్వాంటేజ్ 9.75 దగ్గరే ఆగిపోతుంది, బ్లెస్ 17.5 దాకా తీసుకెళ్తుంది. గట్టి కవచం ఉన్న శత్రువు మీదికి వెళ్లేటప్పుడు ముందు బ్లెస్ వేయించుకోమని నేను అందుకే చెబుతాను.

పాసివ్ పర్సెప్షన్ (పాత్ర ప్రత్యేకంగా వెతక్కుండానే ఎంత గమనిస్తుందో చెప్పే అంకె) లాంటి చోట్ల మాత్రం పాచిక వేయం కాబట్టి పుస్తకమే అడ్వాంటేజ్‌ను +5గా, డిసడ్వాంటేజ్‌ను −5గా లెక్కించమంటుంది.

నాకు మూడు కారణాల వల్ల అడ్వాంటేజ్ ఉంది, ఒక్క కారణం వల్ల డిసడ్వాంటేజ్. మూడింటిలో ఒకటి పోయి రెండు మిగలవా?

మిగలవు. అటు ఎన్ని ఉన్నా, ఇటు ఒక్కటి ఉన్నా రెండూ రద్దయి మామూలుగా ఒకే పాచిక వేస్తారు. అలాగే మూడు అడ్వాంటేజ్‌లకు నాలుగు పాచికలు వేయరు, రెండే.

దీనివల్ల ఒక్కోసారి వింత ఫలితాలు వస్తాయి. లాంగ్‌బో 150 అడుగుల దాకా మామూలుగా వేయవచ్చు, అది దాటితే 600 అడుగుల దాకా డిసడ్వాంటేజ్. మీ విలుకాడు 200 అడుగుల దూరం నుంచి వేయాలి, కాబట్టి డిసడ్వాంటేజ్ ఖాయం. ఇప్పుడు ఎవరో అతని చుట్టూ మంత్రంతో దట్టమైన పొగమంచు కమ్మించారు. అతనికి శత్రువు కనిపించడు, ఇంకో డిసడ్వాంటేజ్. శత్రువుకూ అతను కనిపించడు, కనిపించనివాడి దాడికి అడ్వాంటేజ్. మూడూ కలిసి రద్దయ్యాయి. పొగమంచు లేనప్పటి కంటే కళ్లు కనిపించనప్పుడే గురి బాగా కుదిరింది! నియమం అక్షరాలా ఇంతే చెబుతుంది. నా బల్ల దగ్గరైతే ఆ బాణం వేయనివ్వను, లేదా డిసడ్వాంటేజ్‌ను అలాగే ఉంచుతాను. కానీ ఆ మాట ఆటగాడు మంత్రం ఖర్చు పెట్టకముందే చెప్పాలి. పాచిక పడ్డాక చెబితే గొడవే.

ఇద్దరు క్లెరిక్‌లు నా మీద బ్లెస్ వేశారు. రెండు డీ4లు కలపనా?

వద్దు. ఒకే పేరున్న మంత్రం రెండుసార్లు తగిలితే ఒక్కటే పనిచేస్తుంది. పక్కపక్కన ఇద్దరు పాలడిన్‌లు నిలబడ్డా సేవింగ్ త్రోలకు ఒకరి ఆరా (చుట్టూ ఉన్నవాళ్లకూ పనిచేసే రక్షణ) బోనసే వస్తుంది, రెండింటిలో పెద్దది. పేర్లు వేరైతే కలపవచ్చు: బ్లెస్ ఇచ్చే డీ4, బార్డ్ ఇచ్చిన ఇన్‌స్పిరేషన్ పాచిక, ఉంగరం ఇచ్చే +1, అన్నీ ఒకే సేవింగ్ త్రోకు వాడుకోవచ్చు. గైడెన్స్ మంత్రం డీ4 మాత్రం ఎబిలిటీ చెక్‌లకే. బ్లెస్ చెక్‌లకు పనిచేయదు. కాబట్టి ఈ రెండూ ఒకే రోల్ మీద కలిసే అవకాశమే లేదు.

రాయి వెనక నక్కాను, నా ముందు మావాడొకడు నిలబడ్డాడు. చాటుకు రెండు బోనస్‌లా?

ఒకటే, రెండింటిలో పెద్దది. సగం చాటుకు ఏసీకి, చురుకుదనం సేవింగ్ త్రోలకు +2. మూడొంతుల చాటుకు +5. పూర్తి చాటు ఉంటే అసలు మిమ్మల్ని నేరుగా గురి పెట్టడమే కుదరదు. సగం చాటుకు గోడలే అక్కర్లేదు, మధ్యలో నిలబడ్డ మనిషి కూడా చాలు. భైరవుడు మూడొంతుల చాటులో ఉన్న గోబ్లిన్ మీదికి ఏదైనా విసరాల్సి వస్తే ఏసీ 20 అవుతుంది, అదే +5తో అతనికి మిగిలేది 30 శాతం. పైన చెప్పిన డిసడ్వాంటేజ్ 30.25తో పోల్చుకోండి, దాదాపు అంతే.

బార్బేరియన్‌కు కవచం లేకుండానే మంచి ఏసీ ఉంది. దాని మీద మేజ్ ఆర్మర్ మంత్రం వేస్తే ఇంకా పెరగదా?

పెరగదు. నాకు ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఏసీ విషయంలో రెండు రకాల నియమాలున్నాయి. ఒకటి, ఏసీని మొదటి నుంచి ఎలా లెక్కించాలో చెప్పేది: బార్బేరియన్‌కు 10కి చురుకుదనం, దేహదారుఢ్యం కలపాలి, మాంక్‌కు 10కి చురుకుదనం, వివేకం, మేజ్ ఆర్మర్ ఉంటే 13కి చురుకుదనం, చెయిన్ మెయిల్ తొడిగితే నేరుగా 16. వీటిలో మీకు అనుకూలమైన ఒక్కటే ఎంచుకోవాలి. రెండోది, అలా వచ్చిన ఏసీకి పైన కలిపేది: డాలు +2, రక్షణ ఉంగరం +1, షీల్డ్ మంత్రం +5, చాటు. ఇవి పేర్లు వేరుగా ఉన్నంతవరకు అన్నీ కలుస్తాయి.

మీ బార్బేరియన్ చురుకుదనం 14, దేహదారుఢ్యం 16 అయితే సొంత లెక్క 10 + 2 + 3 = 15. మేజ్ ఆర్మర్ లెక్క 13 + 2 = 15. రెండూ పదిహేనే, కాబట్టి మంత్రం దండగ. పద్దెనిమిది చేయాలని చూసేవాళ్లు చురుకుదనాన్ని ఒకసారి, దేహదారుఢ్యాన్ని ఒకసారి, ఆ పైన మంత్రంలోని మూడును తెచ్చి కుట్టేస్తారు. వాక్యం చదివితే తెలిసిపోతుంది: "మీ ఏసీ ఇంత" అంటే లెక్క, "మీ ఏసీకి ఇంత కలుస్తుంది" అంటే బోనస్.

గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్‌లో −5 తీసుకుని +10 డ్యామేజీ కొట్టడం ఎప్పుడు లాభం?

ఇది 2014 నియమం. ఫీట్ అంటే పాత్ర కోసం ఎంచుకునే ప్రత్యేక నేర్పు. బరువైన ఆయుధంతో కొట్టేటప్పుడు గురిలో 5 వదులుకుంటే, తగిలిన దెబ్బకు 10 అదనంగా వస్తుంది. పెనాల్టీని ఆటగాడే కోరి నెత్తిన వేసుకునే అరుదైన చోటు, అందుకే దీని మీద ఇంత చర్చ.

భైరవుడి ఖడ్గం రెండు డీ6లు + 3, సగటు 10. గోబ్లిన్ మీద మామూలుగా 55 శాతం, అంటే దెబ్బకు సగటున 5.5. −5 తీసుకుంటే 30 శాతమే తగులుతుంది, కానీ తగిలితే 20, సగటు 6. పెద్ద తేడా లేదు. ఏసీ 12 ఉన్నవాడి మీద 7 నుంచి 9కి పెరుగుతుంది, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఏసీ 18 అయితే 4 నుంచి 3కి పడిపోతుంది, వద్దు. అడ్వాంటేజ్ ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది: అదే గోబ్లిన్ మీద మామూలు దెబ్బ సగటు సుమారు 8, −5తో 10.2. శత్రువును ముందు పడగొట్టి తర్వాత ఈ ఫీట్ వాడేవాళ్లు ఊరికే వాడరు. (ఈ లెక్కల్లో క్రిటికల్ హిట్‌లను, అంటే పాచిక మీద 20 పడినప్పుడు తగిలే పెద్ద దెబ్బలను, కలపలేదు.)

ఇంకో సంగతి. గోబ్లిన్‌కు మిగిలింది నాలుగు హిట్ పాయింట్లే (ప్రాణశక్తి) అనుకోండి. సగటు ఎంత పెరిగినా −5 తీసుకోవడం తెలివితక్కువ. నాలుగు చాలు, ఇరవై అక్కర్లేదు.

2024లో ఈ −5ను తీసేశారు. ఇప్పుడు మీ వంతులో బరువైన ఆయుధంతో దాడి చేసి తగిలితే ప్రొఫిషియెన్సీ బోనస్ అంత డ్యామేజీ అదనంగా వస్తుంది, అంతే. ఆట త్వరగా నడుస్తుంది, నిజమే. పందెం కాసే సరదా మాత్రం పోయింది.

క్రిటికల్ హిట్‌లో బోనస్‌లు కూడా రెట్టింపవుతాయా?

కావు. పాచికలే రెట్టింపు. భైరవుడు నాలుగు డీ6లు వేసి 3 కలుపుకుంటాడు, 6 కాదు.

శత్రువుకు రెసిస్టెన్స్ ఉంది. ముందు సగం చేయాలా, ముందు కూడికలు, తీసివేతలు చేయాలా?

రెసిస్టెన్స్ అంటే ఆ రకం డ్యామేజీ సగమే తగలడం. కూడికలు, తీసివేతలన్నీ అయ్యాకే సగం. 25 డ్యామేజీ వచ్చింది, ఏదో మాయ వల్ల 5 తగ్గింది, శత్రువుకు రెసిస్టెన్స్ ఉంది: 20 అయ్యి, అందులో సగం 10. ముందు సగం చేస్తే వేరే అంకె వస్తుంది. రెండు చోట్ల నుంచి రెసిస్టెన్స్ ఉన్నా పావు చేయరు, సగమే.

అలసట పెనాల్టీ 2014కూ 2024కూ ఒకటేనా?

పేరు ఒకటే, పని వేరు. 2014లో ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకు ఒక్కో శిక్ష: మొదట ఎబిలిటీ చెక్‌లకు డిసడ్వాంటేజ్, తర్వాత వేగం సగం, తర్వాత దాడులకు, సేవింగ్ త్రోలకు డిసడ్వాంటేజ్, గరిష్ఠ హిట్ పాయింట్లు సగం, కదలలేకపోవడం, చివరికి చావు. పట్టిక తెరవకుండా ఇవన్నీ గుర్తుంచుకునే డీఎం అరుదు. 2024లో ఒక్కో మెట్టుకు ప్రతి డీ20 రోల్‌లో 2 కోత, వేగంలో 5 అడుగుల కోత, ఆరో మెట్టులో చావు.

నాకు కొత్తదే నచ్చింది. పాత పద్ధతిలో ఒక్కసారి డిసడ్వాంటేజ్ వచ్చాక చీకట్లో, దూరం నుంచి, నేల మీద పడుకుని కొట్టినా ఇంకేమీ పోదు, ఎలాగూ పోవాల్సింది పోయింది. −2 అలా కాదు, మిగతావాటితో పాటే నొప్పి పెడుతుంది.

డీఎంగా నేను అడ్వాంటేజ్ ఇవ్వాలా, డీసీ తగ్గించాలా, +2 ఇవ్వాలా?

కారణం ఎక్కడుందో చూడండి. పని స్వభావంలోనే ఉంటే డీసీలో చూపించండి: నునుపైన గోడ ఎక్కడానికి 20, పగుళ్లున్న గోడకు 15, తాడు వేలాడుతుంటే 10. ఆటగాడు ఇప్పుడు చేసిన పనిలో ఉంటే అడ్వాంటేజ్‌లో చూపించండి. కాపలావాడి దృష్టి మళ్లించడానికి తోటివాడు తాగినట్టు నటిస్తూ పాట అందుకున్నాడు, అది అడ్వాంటేజ్. తుప్పు పట్టిన తాళం సులువుగా వస్తుందని డీసీ 10కి దించేసి, మళ్లీ "తుప్పు పట్టింది కదా" అని అడ్వాంటేజ్ కూడా ఇస్తే ఆ తుప్పును రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

విడి +2లు పాత ఎడిషన్ల నుంచి వచ్చిన డీఎంల అలవాటు. నిషేధం లేదు. కానీ ఒక ఆటగాడికి ఇచ్చాక రెండో ఆటగాడు తనకూ ఒకటి అడుగుతాడు, మూడోవాడు +3 అడుగుతాడు, ఆట బేరంలోకి దిగుతుంది. అడ్వాంటేజ్‌తో ఆ గోల లేదు: ఉంది, లేదా లేదు.

పాచిక వేశాక బోనస్ ఉందని గుర్తొచ్చింది. కలుపుకోవచ్చా?

ఎప్పుడూ ఉండే బోనస్ అయితే, డీఎం తర్వాతి సంగతికి వెళ్లిపోకముందు చెబితే, ఏ బల్ల దగ్గరైనా ఒప్పుకుంటారు. ఖర్చయ్యే బోనస్‌లకు మాత్రం ఎప్పుడు వాడాలో నియమమే చెబుతుంది. బార్డ్ ఇచ్చిన ఇన్‌స్పిరేషన్ పాచికను 2014లో డీ20 చూశాక వాడవచ్చు, కానీ గెలిచారో ఓడారో డీఎం చెప్పకముందే. 2024లో ఓడిపోయారని తెలిశాకే వాడతారు, వృథా పోయే అవకాశం బాగా తగ్గింది. షీల్డ్ మంత్రం దెబ్బ తగిలిందని తెలిశాక వేసేది: ఏసీ 15, దాడి 18, మంత్రంతో ఏసీ 20, దెబ్బ తప్పింది. అందుకే డీఎంలు "18, తగిలింది" అని అంకె బయటికి చెప్పడం న్యాయం. ఊరికే "తగిలింది" అంటే విజార్డ్ గుడ్డిగా పందెం కాయాల్సి వస్తుంది.

చెక్‌లో పాచిక మీద 20 పడింది. ఎంత కష్టమైనా గెలిచినట్టేనా?

అటాక్ రోల్‌కే ఆ హామీ. చెక్‌లో 20 పడినా మొత్తం కలిపి డీసీని అందుకోవాలి. డీసీ 30 అయితే +5 ఉన్నవాడు 20 వేసినా 25 దగ్గరే ఆగిపోతాడు. అలా ఎటూ అందని పనికి పాచిక వేయించి ఆశ పెట్టకుండా, "కుదరదు" అని ముందే చెప్పేయడం మేలు.

పాత్ర వివరాలు రాసుకునే షీట్ మీద ఇవన్నీ ఎలా రాసుకోవాలి?

ఎప్పుడూ మారనివి పెన్నుతో, మొత్తం చేసి ఒకే అంకెగా. వచ్చి పోయేవి పెన్సిల్‌తో పక్కన, మూడు ముక్కల్లో: ఎంత, ఎవరి వల్ల, ఎప్పటిదాకా. "బ్లెస్ డీ4, క్లెరిక్, ఒక నిమిషం". మధ్యలో క్లెరిక్‌కు దెబ్బ తగిలి ఏకాగ్రత చెదిరి మంత్రం ఆగిపోతే ఎవరి వల్ల అన్న గడి చూసి వెంటనే కొట్టేయవచ్చు.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో +1కి ఎందుకంత విలువ?

2019లో వచ్చిన ఆ ఆటలో డీసీని 10 మించితే క్రిటికల్ విజయం, 10 తక్కువైతే క్రిటికల్ ఓటమి. 10 పడితే తగిలే చోట +1 వస్తే 9తో తగులుతుంది, పైగా 19కి కూడా క్రిటికల్ అవుతుంది. ఒక్క అంకె రెండు చోట్ల పనిచేస్తుంది.

కలిపే నియమం కూడా అక్కడ తేటగా ఉంటుంది. బోనస్‌లు మూడే రకాలు: పరిస్థితి వల్ల వచ్చేవి, స్థితి వల్ల వచ్చేవి, వస్తువు వల్ల వచ్చేవి. ఒక్కో రకంలో పెద్దది ఒక్కటే తీసుకోవాలి. పెనాల్టీల్లోనూ అంతే, ఒక్కో రకంలో అన్నింటికంటే పెద్ద కోత ఒక్కటే. ఏ రకమూ చెప్పని పెనాల్టీలు మాత్రం అన్నీ పడతాయి. బ్లెస్ ఇచ్చే +1, బార్డ్ పాట ఇచ్చే +1 రెండూ స్థితి బోనస్‌లు, కాబట్టి కలిపినా +1నే. శత్రువును చెరోవైపు నుంచి చుట్టుముడితే అతని ఏసీకి −2 పరిస్థితి పెనాల్టీ, బెదరగొడితే −1 స్థితి పెనాల్టీ. రకాలు వేరు కాబట్టి −3. అనుభవం ఉన్న బృందం తమవాళ్ల చేత ఒకే రకం బోనస్ రెండుసార్లు ఇప్పించుకోదు, ఒక్కొక్కరూ ఒక్కో రకం పంచుకుంటారు. అదే వంతులో మళ్లీ మళ్లీ దాడి చేస్తే రెండోదానికి −5, ఆ తర్వాతవాటికి −10. మూడో దాడి చేసే బదులు బెదిరించడమో, డాలు ఎత్తడమో మేలని మొదటి సాయంత్రమే అర్థమవుతుంది.

మూడో ఎడిషన్ పుస్తకాల్లో డజనుకు పైగా బోనస్ రకాలు కనిపిస్తాయి. అన్నీ గుర్తుంచుకోవాలా?

2000లో వచ్చిన మూడో ఎడిషన్, 2003 నాటి 3.5 ఆడేవాళ్లకు తప్పదు. ఎన్‌హాన్స్‌మెంట్, మొరేల్, లక్, డిఫ్లెక్షన్, డాడ్జ్, సేక్రెడ్, ఇలా చాలా ఉన్నాయి. ఒకే రకానివి కలవవు, పెద్దదే నిలుస్తుంది. డాడ్జ్ మాత్రం ఎన్నైనా కలుస్తుంది. బలం పెంచే బుల్స్ స్ట్రెంత్ మంత్రం +4 ఎన్‌హాన్స్‌మెంట్ ఇస్తుంది, నడుముకు కట్టుకున్న మాయా బెల్టు కూడా +4 ఎన్‌హాన్స్‌మెంటే ఇస్తే, మంత్రం గాలిలో కలిసిపోయినట్టే. అందంగా కట్టిన వ్యవస్థే, కాదనను. కానీ పదో లెవెల్ దాటాక ఒక్క అటాక్ రోల్‌కు ఏడెనిమిది అంకెలు కూడుతూ కూర్చుంటే కథ ఎటో పోయేది.

ఇంకా పాత పుస్తకంలో "+1 డాలు వల్ల ఏసీ ఒకటి తగ్గుతుంది" అని ఉంది. అచ్చుతప్పా?

కాదు. మూడో ఎడిషన్‌కు ముందు ఏసీ ఎంత తక్కువైతే అంత మంచిది. 10 అంటే ఒంటి మీద ఏమీ లేనట్టు, −10 అంటే ఉక్కు కోట. కాబట్టి ఆ పుస్తకాల్లో బోనస్ అంటే మీకు లాభం అని అర్థం చేసుకోవాలి, కూడిక అని కాదు. పాత సాహసాలను ఐదో ఎడిషన్‌లో ఆడించాలంటే 20లోంచి పాత ఏసీని తీసేస్తే దాదాపు సరైన అంకె వస్తుంది: పాత 4 ఇప్పటి 16, పాత −2 ఇప్పటి 22. ఐదో ఎడిషన్‌కు 22 చాలా ఎక్కువ, కాస్త తగ్గించి వాడండి.

కాల్ ఆఫ్ కథుల్హులో బోనస్ పాచిక అంటే అడ్వాంటేజే కదా?

దగ్గర చుట్టమే. ఆ భయానక కథల ఆట ఏడో ఎడిషన్‌లో నూరుకు లెక్క, మీ నైపుణ్యానికి సమానంగా గానీ, అంతకంటే తక్కువ గానీ పడాలి. బోనస్ పాచిక వస్తే పదుల స్థానానికి ఇంకో పాచిక వేసి, చిన్నది తీసుకుంటారు. పెనాల్టీ పాచిక వస్తే పెద్దది. ఒకట్ల పాచిక ఒక్కటే. పదుల మీద 40, 70 పడి, ఒకట్ల మీద 3 పడితే బోనస్‌తో 43, పెనాల్టీతో 73. అసలు తేడా రద్దు చేయడంలో ఉంది. అక్కడ ఒక బోనస్ ఒక పెనాల్టీనే రద్దు చేస్తుంది, కాబట్టి రెండు బోనస్‌లు, ఒక పెనాల్టీ ఉంటే ఒక బోనస్ మిగులుతుంది. డి అండ్ డి నుంచి వచ్చినవాళ్లు అక్కడ అన్నీ రద్దు చేసుకుని, చేతిలో ఉన్న బోనస్ పాచికను వదిలేసుకుంటుంటారు.